ఆర్థికవేత్త ఆర్థిక మంత్రి ఎలా అవుతారు? మన్మోహన్ నడిచిన దారి గురించి

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో ఏడాదిలో ఉన్న మీ అమ్మాయి మన్మోహన్ సింగ్‌లాగా చదువుతోనే ఆర్థిక మంత్రి కావాలంటోంది, అసలు అలాంటి దారి ఉందా అన్నది మొదటిది. పీవీ లేకపోతే మన్మోహన్ లేరంటారే, అందులో నిజమెంత అన్నది రెండోది. రెండూ ఒకే తాడుకున్న రెండు కొసలు, కాబట్టి కలిపే చెబుతాను.

నేను ఆర్థికవేత్తను కాను. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. 1991లో హైదరాబాద్‌లో విదేశీ మారకం విభాగంలో ఉన్నాను. చివరి ఆరేళ్లు కొత్త ఆఫీసర్లకు పాఠాలు చెప్పాను. వాళ్లలో ఎకనామిక్స్ చదివినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ మీ అమ్మాయి ప్రశ్నే అడిగేవారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతాను: ఎకనామిక్స్ బాగా చదివినందుకు ఆయన్ని మంత్రిని చేయలేదు. చదివాక ఇరవై ఏళ్లపాటు సర్కారు ఫైళ్లు మోసినందుకు చేశారు.

ఆయన 1932లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే ఊళ్లో పుట్టారు. విభజనప్పుడు కుటుంబం అమృత్‌సర్ చేరింది. పంజాబ్ విశ్వవిద్యాలయం, తర్వాత కేంబ్రిడ్జ్, 1957లో అక్కడ ఫస్ట్ క్లాస్, 1962లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్. ఇవన్నీ అందరికీ తెలిసినవే, సాగదీయను. ఆ డాక్టరేట్ దేని మీద చేశారో మాత్రం చాలామంది పట్టించుకోరు. మన దేశపు ఎగుమతుల మీద చేశారు. అప్పట్లో పెద్దపెద్ద వాళ్లు కూడా, ప్రపంచంలో మన సరుకుకు గిరాకీ లేదు, ఎంత తన్నుకున్నా ఎగుమతులు పెరగవు అనుకునేవారు. ఈయన లెక్కలు తీసి, లోపం బయటి మార్కెట్లో కన్నా మన విధానాల్లోనే ఎక్కువగా ఉందన్నారు. అది 1964లో పుస్తకంగా వచ్చింది. ఆ మాటను అమల్లో పెట్టే అవకాశం రావడానికి ఇంకో ఇరవై ఏడేళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏడేళ్లు ఏం చేశారు? కొంతకాలం పాఠాలు చెప్పారు. 1966 నుంచి మూడేళ్లు ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థలో ఉన్నారు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రొఫెసర్‌గా రెండేళ్లు చేసి, 1971లో విదేశీ వాణిజ్య శాఖకు సలహాదారుగా ప్రభుత్వంలోకి వచ్చారు. ఆ తర్వాత ఆగలేదు. 1972లో ఆర్థిక శాఖ ప్రధాన ఆర్థిక సలహాదారు, 1976లో అదే శాఖలో కార్యదర్శి, 1980లో ప్రణాళికా సంఘం సభ్య కార్యదర్శి, 1982లో రిజర్వ్ బ్యాంక్ గవర్నర్, 1985లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు. 1987 నుంచి 1990 దాకా జెనీవాలో, వర్ధమాన దేశాల సమస్యల మీద పనిచేసిన సౌత్ కమిషన్‌కు ప్రధాన కార్యదర్శి. తిరిగొచ్చాక చంద్రశేఖర్ ప్రభుత్వానికి సలహాదారు, ఆ వెంటనే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఛైర్మన్.

పాత నోట్లు దాచుకునేవాళ్లకు ఒక సరదా సంగతి తెలుసు. ఒక్క రూపాయి నోటు మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, మిగతా నోట్ల మీద రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌ది. మన్మోహన్ సంతకం రెండు రకాల నోట్ల మీదా ఉంది. నా దగ్గర రెండూ ఉన్నాయి. క్లాసులో బల్ల మీద పెట్టి, మంత్రి కాకముందు ఆయన బయోడేటా ఇదీ అని చూపించేవాణ్ణి.

ఇక్కడ ఆయన అభిమానులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. 1970ల్లో, 80ల్లో ఆయన కూర్చున్న కుర్చీలన్నీ లైసెన్స్ రాజ్ కుర్చీలే, అంటే ఫ్యాక్టరీ పెట్టాలన్నా సరుకు తెప్పించాలన్నా సర్కారు అనుమతి కావాల్సిన వ్యవస్థవి. ఏ కంట్రోళ్లను 1991లో తీసేశారో, ఆ వ్యవస్థను అంతకుముందు ఇరవై ఏళ్లు నడిపినవాళ్లలో ఆయన ఒకరు. అప్పుడెందుకు మాట్లాడలేదని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. నా మటుకు నాకు అది తప్పుగా తోచదు. అధికారి పని సలహా ఇవ్వడం, వినకపోతే మర్నాడు మళ్లీ ఆఫీసుకు రావడం. కాకపోతే ఏ కీలు ఎక్కడ బిగుసుకుందో లోపల పనిచేసినవాడికి తెలుస్తుంది. బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్‌కు అది తెలుసుకోవడానికే రెండేళ్లు పడుతుంది. 1991లో మన దగ్గర రెండు వారాలు కూడా లేవు.

నిజంగానే లేవు. విదేశీ మారక నిల్వలు నూట పది కోట్ల డాలర్ల చుట్టూ తచ్చాడుతున్నాయి, అంటే ఇంచుమించు రెండు వారాల దిగుమతులకు సరిపడా. 1980లంతా ప్రభుత్వం ఆదాయానికి మించి ఖర్చుపెట్టింది, విదేశాల నుంచి స్వల్పకాలిక అప్పులు తెచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర ఎగిరింది. కువైట్ నుంచి మనవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. మా బ్రాంచికి ప్రతి నెలా వచ్చే డ్రాఫ్టులు ఆగిపోయాయి. ఎన్నారైలు డిపాజిట్లు తీసేసుకోవడం మొదలుపెట్టారు.

1991 ఏప్రిల్‌లో ఎవరైనా సరుకు దిగుమతి చేసుకోవడానికి ఎల్.సి. (అమ్మినవాడికి డబ్బు అందుతుందని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలంటే, సరుకు విలువకు రెండింతలు నగదు మార్జిన్ కట్టాలి. నూటికి రెండు వందలు! మందుల కంపెనీ యజమాని ఒకాయన నా ఎదుట కూర్చుని, "సార్, నాకు అంత డబ్బే ఉంటే మీ దగ్గరికి ఎందుకొస్తాను?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన ఫ్యాక్టరీ ఆ వేసవిలో మూడు నెలలు మూతపడింది. పైనుంచి సర్క్యులర్ మీద సర్క్యులర్ వచ్చేది. ఒకటి చదివి అర్థం చేసుకునేలోపు దాన్ని మార్చుతూ ఇంకొకటి వచ్చేది. ఆ రోజుల్లో మాకున్న టెన్షన్ ఇప్పటి కుర్రాళ్లకు చెబితే కథలా వింటారు.

ఇప్పుడు పీవీ సంగతి. 1991 జూన్‌లో ప్రధాని కాబోతున్న పీవీకి, అప్పులిచ్చేవాళ్లు నమ్మే మనిషి ఆర్థిక మంత్రిగా కావాలి. మొదట ఎవరిని అడిగారో తెలుసా? మన్మోహన్‌ను కాదు, ఐ.జి. పటేల్‌ను. ఆయన బయోడేటా చూస్తే కవలలు అనిపిస్తుంది: కేంబ్రిడ్జ్ చదువు, ప్రధాన ఆర్థిక సలహాదారు, ఆర్థిక శాఖ కార్యదర్శి, 1977 నుంచి 1982 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్. ఆ కుర్చీలోంచి ఆయన లేచాకే మన్మోహన్ కూర్చున్నారు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు డైరెక్టర్‌గా కూడా చేశారు. పటేల్ వద్దన్నారు. అప్పుడు, ఒకప్పుడు ఇందిరాగాంధీకి ముఖ్య కార్యదర్శిగా చేసిన పి.సి. అలెగ్జాండర్ ద్వారా మన్మోహన్‌కు కబురు వెళ్లింది. ఆయన నమ్మలేదు, మర్నాడు మామూలుగా యూజీసీ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నారు. పీవీ స్వయంగా వెతికించి, ఇంటికెళ్లి తయారై ప్రమాణ స్వీకారానికి రమ్మన్నారు. జూన్ 21న ఆయన మంత్రి అయ్యారు.

మీ అమ్మాయికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి. ఒకే మెట్ల మీదుగా ఎక్కినవాళ్లు ఇద్దరు. ఒకరు కాదనబట్టి ఇంకొకరికి దక్కింది. దీన్ని కెరీర్ ప్లాన్ అనలేం.

ఆ రోజు ప్రమాణం చేసిన ప్రధానికీ ఆర్థిక మంత్రికీ పార్లమెంటులో సభ్యత్వం లేదు. ఆ ఎన్నికల్లో పీవీ పోటీయే చేయలేదు. రాజ్యాంగం ప్రకారం మంత్రి అయిన ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికవ్వాలి. మన్మోహన్ అక్టోబరులో అస్సాం నుంచి రాజ్యసభకు వెళ్లారు. పీవీ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షల ఎనభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ అభ్యర్థిని నిలపకపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. పైగా అది లోక్‌సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వం.

జూలై నెల నాకు రోజుల లెక్కన గుర్తుంది. ఒకటో తేదీ సోమవారం రూపాయి విలువను తొమ్మిది శాతం దాకా తగ్గించారు. బుధవారం, మూడో తేదీన, ఇంకో పదకొండు శాతం. డాలరు ఇరవై ఒక్క రూపాయల నుంచి ఇరవై ఆరు దగ్గరికి చేరింది. రెండు దఫాలుగా ఎందుకంటే, మొదటిది నీటి లోతు చూడ్డానికి. 1966లో ఇందిరాగాంధీ హయాంలో ఒక్కసారే 36 శాతం పైగా తగ్గించినప్పుడు రేగిన గొడవ ఎవరూ మర్చిపోలేదు. ఈసారి మొదటి దఫా తర్వాత పీవీకి గుబులు పుట్టింది. మూడో తేదీ పొద్దున్నే ఫోన్ చేసి రెండోది ఆపమన్నారు. మన్మోహన్ రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కు ఫోన్ చేసేసరికే అది ప్రకటించేశారు. ఈ సంగతి రంగరాజన్ గారే తర్వాత చెప్పారు. ఆయన మన రాష్ట్రానికి గవర్నర్‌గా కూడా చేశారు. ఫోన్ చేయడంలో మన్మోహన్ కాస్త నిదానించారేమో అని నాకో అనుమానం. ఆధారం లేదు, కేవలం బ్యాంకు మనిషి బుద్ధి.

అదే నెలలో నాలుగు విడతలుగా దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తాకట్టుగా వెళ్లింది. దాని మీద నలభై కోట్ల డాలర్లు పుట్టాయి. అంతకుముందు మే నెలలోనే, పాత ప్రభుత్వం ఉండగా, 20 టన్నులు స్విట్జర్లాండ్ బ్యాంకుకు పోయింది. బంగారం తాకట్టు అంటే మన ఇళ్లల్లో ఎంత నామోషీయో చెప్పక్కర్లేదు, పార్లమెంటులో అంతకు రెట్టింపు. మంత్రి లేచి దాచకుండా చెప్పారు. ఆ ఏడాది చివరికల్లా ఆ అప్పు తీరిపోయింది.

జూలై 24 బడ్జెట్ రోజు. ఆ మధ్యాహ్నమే, బడ్జెట్‌కు కొన్ని గంటల ముందు, కొత్త పారిశ్రామిక విధానాన్ని సభ ముందు పెట్టారు. కొన్ని పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేసింది అదే. పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. అయినా ఆ పత్రాన్ని ప్రవేశపెట్టింది సహాయ మంత్రి. సాయంత్రం మన్మోహన్ బడ్జెట్ చదవడంతో పత్రికలన్నీ దాని వెంట పడ్డాయి, లైసెన్సుల రద్దు మీద రావాల్సినంత రభస రాలేదు. అదంతా పీవీ లెక్క. ఎకనామిక్స్ చదివినవాడికి ఇలాంటి ఆలోచన తట్టదు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: ఏం చేయాలో 1991 నాటికి ఢిల్లీలో చాలామందికి తెలుసు. ప్రభుత్వంలో ఆర్థికవేత్తగా ఉన్న మాంటెక్ సింగ్ అహ్లువాలియా ఈ సంస్కరణల మీద 1990లోనే ఒక పత్రం రాసి పెట్టారు. కొరతగా ఉన్నది చేయించే మనిషి, ఆ వానలో గొడుగు పట్టే మనిషి. బాగా జరిగితే అందరం పేరు పంచుకుందాం, బెడిసికొడితే మిమ్మల్ని తీసేస్తాను అని పీవీ తనతో నవ్వుతూ అన్నట్టు మన్మోహనే చెప్పుకున్నారు. నవ్వుతూ అన్నా అది ఒప్పందమే. అయితే గొడుగు పట్టినవాడిదే గొప్ప అంటే కూడా నేనొప్పుకోను. అప్పిచ్చే ఐ.ఎం.ఎఫ్. (అంతర్జాతీయ ద్రవ్య నిధి) వాళ్లతో కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడి, తిరిగొచ్చి కాంగ్రెస్ ఎంపీల తిట్లు వినడం పీవీ చేయలేదు, ఈయనే చేశారు.

ఆ తిట్లలో ఎక్కువ భాగం ఎరువుల మీద. లోటు తగ్గించాలంటే సబ్సిడీ కోయాలి కనుక బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీవాళ్లే విరుచుకుపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే పెంపును 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించాల్సి వచ్చింది. 1992 ఆగస్టులో ఇంకోసారి ప్రయత్నించి ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల మీద నియంత్రణ ఎత్తేశారు. యూరియాను మాత్రం ముట్టుకోలేకపోయారు, పైగా దాని ధర పది శాతం తగ్గించారు. ఫాస్ఫేట్ ఎరువైన డీఏపీ ధర మండిపోయింది, నత్రజని ఇచ్చే యూరియా చౌక. రైతు ఏం చేస్తాడు? యూరియా గుమ్మరిస్తాడు. మా అన్నయ్య గుంటూరు జిల్లాలో వ్యవసాయం చేసేవాడు, తనూ అదే చేశాడు. మన నేలల్లో నత్రజని ఎక్కువై మిగతావి తక్కువైన జబ్బుకు మూలాల్లో ఆ సగం సంస్కరణ ఒకటి. మొత్తం చేసినా పద్ధతే, అసలు చేయకపోయినా పద్ధతే. సగం చేయడం రాజకీయం. ఆర్థికవేత్త మంత్రి అయితే దానికి కూడా సంతకం పెట్టాలి.

నా దృష్టిలో ఆయన చేసిన వాటిలో ముఖ్యమైనవి పత్రికల్లో పెద్దగా రానివి. 1991లో మేం నూరు రూపాయల డిపాజిట్ తీసుకుంటే 38.50 రూపాయలు ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి, 15 రూపాయలు రిజర్వ్ బ్యాంక్‌లో ఉంచాలి. సగానికి పైగా అక్కడే పోయేది. బ్యాంకుల సంస్కరణల మీద వేసిన, మన తెలుగాయన మైదవోలు నరసింహం కమిటీ 1991 నవంబరులో నివేదిక ఇచ్చాక ఆ ఉచ్చు మెల్లగా వదులైంది. ఇంకొకటి, ప్రభుత్వం తన చేతి చీటీ మీద రిజర్వ్ బ్యాంక్ నుంచి ఎంతంటే అంత వాడుకునే పద్ధతి ఉండేది. 'అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు' అనేవాళ్లం. 1994 సెప్టెంబరులో ఆర్థిక శాఖ, రిజర్వ్ బ్యాంక్ ఒప్పందం రాసుకుని, మూడేళ్లలో దాన్ని మాన్పించాయి. తన చేతిలో ఉన్న తాళాన్ని తానే వదులుకునే మంత్రి అరుదు. ఒకప్పుడు రిజర్వ్ బ్యాంక్ వైపు కూర్చుని ఆ చీటీలు అందుకున్నవాడు కాబట్టి చేశారనుకుంటాను. సేవా పన్ను కూడా ఆయనదే. 1994లో టెలిఫోన్, సాధారణ బీమా, స్టాక్ బ్రోకర్లు అనే మూడింటి మీద 5 శాతంతో మొదలైంది.

మరక లేదని కాదు. 1992లో, స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా బ్యాంకుల డబ్బును షేర్లలోకి మళ్లించిన కుంభకోణం బయటపడింది, అది బ్యాంకుల్లోనే, మా ముక్కు కిందే జరిగింది. పార్లమెంటరీ కమిటీ తప్పు పట్టాక 1993 డిసెంబరులో ఆయన రాజీనామా ఇచ్చారు, పీవీ తీసుకోలేదు. అది గొడుగు రెండోసారి.

గొడుగు తీసేస్తే ఏమయ్యేదో 1999లో తెలిసింది. దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. జీవితంలో అదొక్కటే ప్రత్యక్ష ఎన్నిక. పదేళ్లు ప్రధానిగా ఉన్నది కూడా రాజ్యసభ సభ్యుడిగానే.

ఇక మిగతావాళ్ల సంగతి. స్వతంత్ర భారతంలో ఆర్థిక మంత్రుల్లో ఎక్కువమంది రాజకీయ నాయకులు, లాయర్లు. జాన్ మథాయ్ ఆర్థికశాస్త్రం చదివినవారు, ప్రణాళికా సంఘం అధికారాల మీద నెహ్రూతో పడక 1950లో తప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన సి.డి. దేశ్‌ముఖ్ రిజర్వ్ బ్యాంక్ మొదటి భారతీయ గవర్నర్, మన దుర్గాబాయమ్మ భర్త. ఆయన కేంబ్రిడ్జ్‌లో చదివింది ఎకనామిక్స్ కాదు, వృక్షశాస్త్రం! బొంబాయి నగరం విషయంలో 1956లో రాజీనామా చేశారు. మన రాష్ట్రంలో పదహారు బడ్జెట్లు పెట్టిన రోశయ్య గారు బీకాం. అంకెలు ఆయన నాలుక మీద ఉండేవి, అంతకన్నా ముఖ్యంగా ఎవరికి ఎప్పుడు లేదని చెప్పాలో తెలుసు. విదేశాల్లో చూస్తే, షుంపీటర్ అంతటి పేరున్న ఆర్థికవేత్త 1919లో ఆస్ట్రియా ఆర్థిక మంత్రిగా ఏడు నెలలున్నాడు. గ్రీసులో ఎకనామిక్స్ ప్రొఫెసర్ వరూఫకిస్ 2015లో జనవరిలో వచ్చి జూలైలో వెళ్లిపోయాడు. ఆ ఇద్దరి చదువుకు ఏ లోటూ లేదు.

మీ అమ్మాయికి పనికొచ్చే ఉదాహరణలు నాకు రాష్ట్రాల్లోనే కనిపిస్తాయి. అశోక్ మిత్రా అని, మన్మోహన్‌కు ముందు కేంద్రంలో ప్రధాన ఆర్థిక సలహాదారు. 1977లో పశ్చిమ బెంగాల్‌లో ఎన్నికల్లో గెలిచి ఆర్థిక మంత్రి అయ్యారు. కేరళలో థామస్ ఐజాక్ ఆర్థికశాస్త్ర పరిశోధకుడు, పార్టీలో పనిచేసి, ఎమ్మెల్యేగా గెలిచి రెండుసార్లు ఆర్థిక మంత్రిగా చేశారు. అది జనంలోంచి వెళ్లే దారి. మన్మోహన్ తర్వాత ప్రధాన ఆర్థిక సలహాదారు కుర్చీలోంచి ఆర్థిక మంత్రి కుర్చీలోకి వెళ్లినవారు ఒక్కరూ లేరు. రఘురాం రాజన్ కూడా రిజర్వ్ బ్యాంక్ దాకానే.

సలహాదారు కావాలనుకుంటే దారి చక్కగా ఉంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయమనండి, ఎకనామిక్స్‌లో పీజీ చేసినవాళ్ల కోసమే యూపీఎస్సీ పెడుతుంది. లేదా రిజర్వ్ బ్యాంక్ పరిశోధన విభాగంలో గ్రేడ్ బి ఆఫీసర్ పరీక్ష. మంత్రే కావాలంటే ఏదో ఒక పార్టీలో, ఏదో ఒక ఊళ్లో, వార్డు స్థాయి నుంచి పదిహేనేళ్లు. రెండింటికీ మధ్య దారి 1991 జూన్‌లో ఒక రాత్రి తెరుచుకుంది, అంతే.

ఈలోగా ఒక పని చేయమనండి. 1991 జూలై 24 బడ్జెట్ ప్రసంగం పూర్తిగా చదవమనండి, సమయం వచ్చిన ఆలోచనను ఏ శక్తీ ఆపలేదన్న చివరి విక్టర్ హ్యూగో మాట ఒక్కటే కాదు. ఎరువుల గురించిన చోట ఆగి, ఆగస్టులో అదే మంత్రి సభలో వెనక్కి తగ్గుతూ ఏం చెప్పారో వెతికి చదవమనండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఆ సీట్లో తనే ఉంటే 40 దగ్గర నిలబడేదా, 30కి దిగేదా రాసి చూపించమనండి. మీరే ఇక్కడ పెడితే నేనూ చదువుతాను.